సిస్టర్ ఆరాధన గడువు

ఆరాధనను అలసిపోయేలా చేసింది పని కాదు, జవాబులు చెప్పడం. గడ్డమీదిపల్లె ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె ఏఎన్‌ఎం. ఊళ్ళో అందరికీ సిస్టర్. ఎనిమిదేళ్ళుగా నాలుగు పల్లెల గర్భిణుల తూకం చూస్తూ, బిడ్డలకు టీకాలు వేస్తూ, కడప ఎండలో స్కూటీ మీద తిరుగుతూనే ఉంది. అప్పుడెన్నడూ రాని నీరసం ఈ తొమ్మిది నెలల్లో వచ్చింది. ఆపరేషన్ వల్ల వచ్చిందని ఊరు అంటుంది గానీ, సగం నీరసం ఊరి నోటి వల్లే వచ్చిందని నేనంటాను.

ఆరాధన చిన్నప్పటి నుంచీ లావే. లావుగా ఉన్న మనిషికి సలహా ఇవ్వడానికి మన దగ్గర చదువూ అక్కర్లేదు, చుట్టరికమూ అక్కర్లేదు. ఒకసారి రాజంపేట బస్సులో ఎప్పుడూ చూడని కండక్టరు టికెట్టు చించి ఇస్తూ, పరగడుపున వేడినీళ్ళలో తేనె కలుపుకొని తాగమన్నాడు. ఉలవకట్టు తాగమని ఒకరు, జొన్నరొట్టె తప్ప ముట్టొద్దని ఇంకొకరు. ఆమె అన్నీ చేసింది. రెండుసార్లు తొమ్మిదేసి కేజీలు తగ్గి, రెండుసార్లూ పన్నెండేసి పెరిగింది. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి నూటపన్నెండు కేజీలు. గర్భిణులకు బరువు చూసుకోండమ్మా అని చెప్పినప్పుడల్లా వాళ్ళు ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, మర్యాద కొద్దీ ఊరుకునేవాళ్ళు. ఆ మర్యాద ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది.

భర్త యేసుప్రసాద్ మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పర్ నడుపుతాడు. పెళ్ళై ఆరేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. షుగరు, బీపీ. కడపలో చూపించుకున్న డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది, ముందు ఒళ్ళు తగ్గాలి, ఆ తర్వాతే బిడ్డ మాట అని. తిరుపతిలో ఇంకో డాక్టరు ఆపరేషన్ సంగతి వివరించాడు. తిన్న అన్నం పట్టే సంచిలో మూడొంతులు తీసేసి, సన్నని గొట్టమంత మిగులుస్తారు. ఆ తర్వాత పద్దెనిమిది నెలల దాకా కడుపు రాకూడదు. ఒళ్ళు త్వరత్వరగా తగ్గే కాలంలో తల్లికే సత్తువ చాలదు, లోపలి బిడ్డకేం పెడుతుంది? ఆ తర్వాత మాత్రం ఇంతకుముందుకన్నా మేలుగా నిలిచే అవకాశం ఉందన్నాడు.

మూడు నెలలు ఆలోచించుకుంది ఆరాధన. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ధైర్యమూ చెప్పలేదు. చివరికి చేయించుకుంటానని తానే అంది. అత్త కృపమణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“దేవుడిచ్చిన కడుపును కోయించుకుంటావా పాపా? రేపు బిడ్డ యాడ ఉంటాది?”

“బిడ్డ ఉండేది వేరే చోటు అత్తా. అన్నం ఉండే సంచి వేరే. ఈడ చూడు,” అని మందుల చీటీ వెనకాల బొమ్మ గీసి చూపించింది. కృపమణి ఆ బొమ్మను చాలాసేపు చూసి, “బొమ్మలో బాగానే ఉండాదిలే,” అంది. అయినా ఆస్పత్రికి తోడుగా వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఉన్న నాలుగు దినాలూ మంచం కిందే చాప వేసుకొని పడుకుంది. ఆ సంగతి మర్చిపోతే కృపమణికి అన్యాయం చేసినట్టే.

జనవరిలో ఆపరేషన్. ఊళ్ళో మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పారు. ఇంటికొచ్చాక మొదట్లో పప్పుకట్టు, మజ్జిగ, పలచని జావ, అదీ గ్లాసు పట్టుకుని గంటసేపు. ఇంతలో శ్రమకాలం వచ్చింది, ఈస్టరుకు ముందు మా వైపు క్రైస్తవులు ఉపవాసాలుండే నలభై దినాలు. మందిరానికి వచ్చే ఆడవాళ్ళు ఆమె ముందు చిన్న గ్లాసు తప్ప ఏమీ లేకపోవడం చూసి, ఎంత గట్టి ఉపవాసమమ్మా అనుకున్నారు. ఈస్టరు నాటికి ఇరవై కేజీలు తగ్గింది. ఆ మరుసటి ఆదివారం స్త్రీల కూడికలో కృపమణి లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది. నా కోడలు నలభై దినాలు ఉపవాసముండి ప్రార్థించింది, దేవుడు దాని ఒళ్ళు తగ్గించినాడు, గర్భఫలం కూడా ఇస్తాడు, అని. అందరూ స్తోత్రం అన్నారు.

ఆరాధన ఆ వరసలోనే కూర్చుని ఉంది. నోరు మెదపలేదు. ఇక్కడ ఆమెను వెనకేసుకురావడం నా వల్ల కాదు. టీబీనా, షుగరు ముదిరిందా, మొగుడు తిండి పెట్టడం లేదా అని అడిగేవాళ్ళ నోళ్ళు ఆ సాక్ష్యంతో ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ నిశ్శబ్దం ఆమెకు హాయిగా అనిపించింది. అబద్ధమని తెలిసీ అందులో తలదాచుకుంది.

అయితే ఆ హాయి ఎన్నో రోజులు నిలవలేదు. ఒళ్ళు తగ్గింది కదా, మరి బిడ్డేదని మొదలుపెట్టారు. మొక్కుబడి ఏమన్నా మిగిలిందా అని ఒకరు, మొగుడూ పెళ్ళాం బాగుండారా అని ఇంకొకరు. జుట్టు దువ్వెనకు ముద్దలు ముద్దలుగా వస్తుంటే దాన్ని చుట్టి పారేసి, నవ్వు మొహం పెట్టుకుని డ్యూటీకి పోయేది. ఆ పద్దెనిమిది నెలలూ కడుపు రాకుండా వేయించుకున్న కాపర్-టీ సంగతి మొగుడికి, అత్తకు తప్ప ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో ఒకనాడు డ్యూటీ దిగి, ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో వచ్చిన యేసుప్రసాద్ కాళ్ళు కడుక్కుంటూ మాట కదిపాడు.

“అది తీయించుకుంటే కాదా? ముప్పై నాలుగు కేజీలు తగ్గినావు. షుగరు లేదంటివి. అమ్మ దినామూ నా చెవిలో అదే మాట.”

“పద్దెనిమిది నెలలని నీ ముందరే చెప్పినారు గదయ్యా.”

“డాక్టర్లు ఒకటికి రెండు చెప్తారు. నాకు మాత్రం ఆశ ఉండదా?”

ఆరాధనకు కోపం రావాలి. రాలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. “నేనే పూటకు నాలుగు ముద్దలు తింటాండా. ఐరను మాత్రలు, బీ-పన్నెండు సూదులు ఏసుకుంటే నిలబడతాండా. ఇద్దరికి యాడ నుంచి తేవాల? రెండుసార్లు తెలీక పోగొట్టుకున్యా. మూడోసారి తెలిసి తెలిసి పోగొట్టుకోల్యా?”

యేసుప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, కానీ సరేనని కూడా అనలేదు. ఆమెకు ఆ అనని మాటే బరువుగా ఉండేది. ఇంతలో అక్టోబరు రెండో ఆదివారం స్త్రీల కూడికలో ఆరాధన గర్భఫలం కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది కృపమణి. వచ్చే ఏడాది క్రిస్మసుకు ఒడిలో బిడ్డ ఉండాలని గడువు కూడా ఆమే పెట్టింది.

ఆ ఆదివారానికి ముందు బుధవారం టీకాల రోజు. ఉపకేంద్రం వరండాలో తల్లులందరూ కూర్చుని ఉండగా, మందిరం పక్క వీధిలో ఉండే నిస్సీ, తన అక్క బిడ్డను ఎత్తుకుని వచ్చి, మెట్టు దగ్గరే తూలిపోయింది. ఎవరో బిడ్డను అందుకున్నారు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పెళ్ళై మూడేళ్ళు, బొద్దుగా ఉంటుంది. ఆరాధన లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టి బీపీ చూస్తే ఎనభై మీద యాభై. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“పొద్దున ఏం తిన్యావు?”

“ఏం తినలా అక్కా. పదకొండో దినం. పగలంతా నీళ్ళే. సందకాడ గ్లాసు మజ్జిగ.”

“నీకేమన్నా మతి పోయిందా? ఎవురు చెప్పినారు నీకు ఇట్ల ఉండమని?”

నిస్సీ కళ్ళు తెరిచి వింతగా చూసింది. “మీ అత్త సాక్ష్యం నేను విన్యా గదా. నువ్వు నలభై దినాలుండి సన్నబడితివి. నాకు అంత భక్తి లేదు. ఇరవై ఒక్క దినాలన్నా ఉందామని మొదలుపెడితి.”

ఆరాధన ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో పట్టించింది. ఏ పాపమూ ఎరగని పిల్ల. తన మౌనం ఎవరికీ చెరుపు చేయదని ఇన్నాళ్ళూ అనుకుంది. చేసింది. నిస్సీ కాస్త తేరుకున్నాక ఇంటికి తీసుకుపోయి, పిల్ల అన్నం తినకపోతే అంబులెన్సు ఎక్కిస్తానని వాళ్ళ అత్తను బెదిరించి వచ్చింది. ఆనాడు ఆమెకు తన మీద పుట్టిన అసహ్యం చాలా రోజులు పోలేదు.

శనివారం కృపమణి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ ఉండగా వెళ్ళి పక్కన కూర్చుంది.

“అత్తా, రేపు కూడికలో నేను నిజం చెప్తా.”

“చెప్పు. చెప్పి నన్ను పదిమందిలో అబద్ధాలకోరును చేయి.” కృపమణి చేతులు ఆగలేదు. “నా గొప్పకు చెప్తినా నేను? కడుపు కోయించుకునిందని తెలిస్తే నిన్ను గొడ్డుదానివని ముద్ర ఏస్తారమ్మే. ఆ మాట నీ చెవిన పడకూడదనే చెప్తి.”

“నాకు తెలుసు అత్తా. ఆ పిల్ల చచ్చిపోయుంటే?”

కృపమణి చేతులు ఆగాయి. పిక్కల చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆదివారం ప్రార్థన అయిపోయాక మగవాళ్ళు బయటికి పోయారు, ఆడవాళ్ళు ఇరవై మంది మందిరంలో చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఆ కూడికలో గొలుసు ప్రార్థన చేస్తారు. ఒకరు లేచి తమ కోరిక చెప్తే, వాళ్ళ కుడి పక్క మనిషితో మొదలై వరసగా అందరూ తలా ఒక మాట అదే కోరికకు ప్రార్థించాలి. కోరిక ఏదైనా సరే, అడిగినవాళ్ళ మాటే మాట. దాన్ని ఇంకొకరు మార్చకూడదు. కృపమణి ఆరాధనకు కుడి పక్కనే కూర్చుంది.

ఆరాధన లేచింది. ఆపరేషన్ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఉపవాసం కాదని, దాన్ని చూసి ఎవరూ కడుపు మాడ్చుకోవద్దని నిస్సీ వైపు చూస్తూ చెప్పింది. అత్తను ఒక్క మాట అనలేదు, ఊరుకుంది నేనే అంది. మందిరంలో ఒకటే గుసగుసలు.

“దేవుడు తగ్గించలేడనా, డాక్టరు కాడికి పోతివి?” అంది సుబ్బలక్ష్మమ్మ. ఆ కూడికలో ఆమే పెద్ద.

“పోయినేడు మీ మోకాలికి కర్నూలులో ఆపరేషన్ చేపిస్తిరి గదా పెద్దమ్మా. అప్పుడు మిమ్మల్ని ఎవురూ ఈ మాట అడగలా.”

“మోకాలూ కడుపూ ఒకటేనా? కష్టపడి తగ్గించుకోవాల్సింది. ఇది సులువు దారి.”

“సులువే పెద్దమ్మా,” అంది ఆరాధన. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. “పెండ్లి విందులో నాలుగు ముద్దలు తిని లేస్తాండా. ఐదో ముద్ద తింటే వాంతి. బతికినంత కాలం మాత్రలు మింగాల. జుట్టు చూడండి. నాకు ఇది సరిపోతాదని నేను చేసుకున్యా. మీరు మెచ్చుకోవాలని అడగలా.”

పాస్టరుగారి భార్య, అందరూ అమ్మగారని పిలిచే ఆమె, చెయ్యెత్తి గుసగుసలు ఆపింది. “సరే తల్లీ, అయిందేదో అయింది. ఇప్పుడు నీ కోరిక చెప్పు. గర్భఫలమే గదా?”

“గర్భఫలమే అమ్మగారూ. ఇప్పుడే వద్దని కోరుతాండా. పద్దెనిమిది నెలల్లో సగం అయినాయి. ఇంక తొమ్మిది నెలలు ఆగమని ప్రార్థన చేయండి.”

సుబ్బలక్ష్మమ్మే మళ్ళీ అంది, “ఇయ్యొద్దని దేవుణ్ణి ఎట్ల అడగాల? నా ఎరుకలో ఈ మందిరంలో ఎవురూ అడగలా.”

“ఇయ్యొద్దని కాదు పెద్దమ్మా, ఆగమని. మీరంతా ఒక్కో బిడ్డకు తొమ్మిది నెలలు ఆగినోళ్ళే. ఆ ఆగడం ఏందో మీకు నేను చెప్పాల్నా? నాకు ఇంకో తొమ్మిది నెలలు ముందర పడినాయి, అంతే.”

ఆ మాట తర్వాత వాదించినవాళ్ళు లేరు. అమ్మగారు కళ్ళు మూసుకుని తల వంచింది. అందరూ తలల మీద కొంగులు కప్పుకున్నారు. గొలుసు మొదలుపెట్టాల్సింది కృపమణి. ఆమె నోరు తెరవలేదు. ఎంతసేపు గడిచిందంటే, ఎవరో ఆమెను మోచేత్తో తట్టారు. ఆరాధన కళ్ళు మూసుకునే ఉంది. అత్త లేచి వెళ్ళిపోతే తాను ఆ ఇంట్లో ఇంక ఒంటరిదే అని తెలుసు.

కృపమణి లేవలేదు. చింతపండు మరకలు ఇంకా పోని చేతిని కోడలి వీపు మీద వేసింది.

“నాయనా, నేను నీ పేరు చెప్పి అబద్ధమాడితి. నన్ను క్షమించు. మా పాపకు బిడ్డను ఇయ్యి,” అంది. కొంగు సర్దుకుని మళ్ళీ అందుకుంది. “ఇప్పుడే ఇయ్యొద్దు. నేను తొందరపెట్టినా ఇయ్యొద్దు. నా మాట వినొద్దు, దాని మాట విను.”

గొలుసు పక్క మనిషికి పోయింది.