ఖాదర్ చాచా గీసిన గీత

దయ్యం కనిపించిందని ఎవరైనా అంటే ముందు కళ్లద్దాల నంబరు అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. కాబట్టి దీన్ని దయ్యం కథ అనను, ఒక నట్టు కథ అంటాను.

మాది వికారాబాద్. తాత కొన్న పాత కారు ఇంకా ఇంట్లోనే ఉంది. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పితేనే స్టార్టవుతుంది. దాని టైమింగ్, అంటే ఇంజన్లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలన్నది, తాండూరులో మెకానిక్ షెడ్డున్న ఖాదర్ చాచా ఒక్కడే పెట్టేవాడు. కళ్లు మూసుకుని వింటూ, ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పేవాడు. సరైన చోట మేకుతో సన్నగా గీత గీసి నట్టు బిగించేవాడు.

పోయిన ఎండాకాలం టైమింగ్ చూసే లైటొకటి ఆన్‌లైన్లో కొని, బండితోపాటు షెడ్డుకు తీసుకెళ్లాను. చాచా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "పెండ్లి బరాత్‌ల పట్టుకో బేటా, మస్తుంటది," అన్నాడు. షెడ్డంతా నవ్వింది. జోకులు వేయడం నాకిష్టం. వేయించుకోవడం కాదు.

చాచా టైమింగ్ పెట్టి, ఇంజన్ ఆపి, మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు. నేను డిస్ట్రిబ్యూటర్‌ని గోరు మందాన ముందుకు జరిపి బిగించాను. వచ్చి స్టార్ట్ చేస్తాడు, తేడా కనిపెట్టలేడు, నలుగురిలో ఆడుకోవచ్చు. రవ్వ ముందే పడితే హ్యాండిల్ వెనక్కి తంతుందని తెలుసా అంటే, తెలుసు.

చాచా వచ్చి హ్యాండిల్ తిప్పాడు. తన్నింది. మణికట్టు విరిగిన చప్పుడు వినడానికి గొప్ప చెవి అక్కర్లేదు.

చాచా అరవలేదు. "టైమింగ్ ముందుకు వెట్టిన్నా బేటా? నా చెవి పోయిందా?" అని మాత్రం అడిగాడు.

"వయసు గద చాచా," అన్నాను.

ఆయన్ని ఆటో ఎక్కించాక, డిస్ట్రిబ్యూటర్‌ని మళ్లీ గీత మీదికి తెచ్చి బిగించి ఇంటికొచ్చేశాను.

తెల్లారి భయం కొద్దీ బానెట్ ఎత్తి చూశాను. గోరు మందాన ముందుకుంది. నట్టు బిగుతుగానే ఉంది.

సరిచేసి, నట్టు మీద మా అక్క గోళ్లరంగు పూశాను. మర్నాడు రంగు చిట్లలేదు. డిస్ట్రిబ్యూటర్ మాత్రం జరిగింది. రోజూ తీసిన ఫొటోలు ఫోన్లో ఉన్నాయి.

ఇక్కడి మెకానిక్‌కు చూపిస్తే, "నిద్రల లేసి నువ్వే తిప్పుతున్నవేమో, డాక్టర్‌కు సూపెట్టుకో అన్నా," అని నవ్వి, బండిని తన షెడ్డులో పెట్టి తాళం వేసుకున్నాడు. మూడో రోజు తెచ్చి మా గేటు ముందు వదిలేసి, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

చాచా చెయ్యి అతుక్కుంది. షెడ్డు మాత్రం మళ్లీ తెరవలేదు. ఇప్పుడు బండల పాలిష్ యూనిట్లో వాచ్‌మన్. ఆ మోతలో ఎవరి చెవైనా ఒకటేనని ఆయనే అంటాడట.

నట్టు మార్చాను, డిస్ట్రిబ్యూటరే మార్చాను. ఎందుకు జరుగుతోందో ఇప్పటికీ అంతుపట్టలేదు. చాచాకు నిజం చెప్పి చూడటం ఒక్కటే మిగిలింది. ఈ బండిని నమ్ముకుని తాండూరు దాకా ఎలా వెళ్లను?

రైలుందని నాకూ తెలుసు.