పంచాయితీలో కూయని పిట్ట

మా పెరట్లో ఒక పిట్ట అరిచినందుకు మా బాపును కులం వెలివేసింది. అరిచింది పిట్టేనని ఆయన చచ్చేదాకా చెప్పాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఇవాళ పొద్దున మళ్లీ ఇదంతా లేచింది. పక్క ప్లాటులో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి తుమ్మచెట్టు కొట్టించారు. వానకు తడిసిన బెరడు వాసన గోడ దాటి నా మంచం దాకా వచ్చింది. మీకు అది కట్టెవాసన. నాకు బాపు వాసన. నూలు వలలు నీళ్లలో కుళ్లకుండా ఉండాలని ఆయన పెద్ద కాగులో తుమ్మచెక్క ఉడకబెట్టి, ఆ ఎర్రటి నీళ్లలో వలను ముంచి, పెరట్లో చింతకొమ్మకు ఆరేసేవాడు. ఆ ఎరుపు ఆయన అరచేతుల గీతల్లోకి దిగి, ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేతులతో జొన్నరొట్టె తుంచి పెడితే రొట్టెకూ అదే వగరు అంటేది, ఆ వగరు లేని రొట్టె నాకు ఇప్పటికీ చప్పగానే ఉంటుంది.

మాది ఇబ్రహీంపట్నంలో చెరువు మీద బతికే కులం. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే పగుళ్లిచ్చిన ఒండ్రు మీద పిల్లలం గోలీలాడేవాళ్లం, ఇంకా తడి ఉన్నచోట మోకాళ్ల దాకా దిగి జెల్లలను చేతులతో దేవేవాళ్లం, వాటి ముల్లు గుచ్చుకుంటే అమ్మ, మా మాటలో అవ్వ, సున్నం రాసి నాలుగు తిట్లు కూడా రాసేది; మృగశిర కార్తె నాడు ఇంటింటా చింతపులుసులో కొర్రమీను ఉడుకుతుంటే వాకిళ్లన్నీ ఒకే వాసన వేసేవి. కులమంతా కలిసి పెద్దవల లాగేరోజు తాడు పట్టిన ప్రతి ఇంటికీ ఒక వంతు. తాడు పట్టడమంటే మనిషిగా లెక్కలో ఉండడం. ఇది గుర్తుంచుకోండి.

అవి రజాకార్ల రోజులు. రాచకొండ గుట్టల్లో దాక్కుని వాళ్లతో కొట్లాడే సంఘపోళ్లకు మా ఊరినుంచి జొన్నలు పోయేవి. అది పట్టుకోవడానికి పట్నం దిక్కునుంచి రజాకార్ల లారీ వచ్చేది. చెరువు కట్ట మీద ఒక పెద్ద రాతిగుండు ఉండేది; దానిమీద మా వాడకట్టు లచ్చన్న కాపలా. అప్పటికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. దుమ్ము లేవడం చూసి ఆయన ఈల వేస్తే, ఆడవాళ్లు గింజలు పాతర్లోకి దించేవాళ్లు, మగవాళ్లు చేన్లలో పడేవాళ్లు. మరోపక్క బాపు నెత్తిన ఒక వెట్టి ఉండేది. ప్రతి జుమ్మా నాడు, అంటే శుక్రవారం, బతికున్న కొర్రమీను ఒకటి ఠాణాలో పోలీసు అమీను ఇంటికి ఇచ్చి రావాలి, ఊరికే. ఇవ్వకపోతే తన్నులు. ఇచ్చినందుకు తరవాత ఏమైందో చెబుతాను.

ఆ ఏడు రోహిణి కార్తెలో మా చింతచెట్టులోంచి ఒక గొంతు మొదలైంది. మూడు ముక్కల కూత. మొదటిసారి మెల్లగా, రెండోసారి కొంచెం పైకి, అట్లా మెట్టుమెట్టూ ఎక్కి, ఇక గొంతు పగులుతుందనుకున్నచోట టక్కున ఆగేది. నాలుగు ఊపిర్లు గడిచాక మళ్లీ మొదటినుంచి. తెల్లారింది మొదలు అదే. మబ్బు పడితే మరీ ఎక్కువ. కోయిల కాదు, చిలుక కాదు, ఆకుల్లో కనబడదు. అవ్వ చెవుల్లో వేళ్లు పెట్టుకుని, దీని నోట్లో మన్ను పడ అని రోజూ దీవించేది. నాకు మాత్రం అది సంబరం. చెట్టుకింద నిలబడి ఈలతో దాన్ని వెక్కిరించేవాణ్ని, అది ఇంకా రెచ్చిపోయేది.

ఆషాఢంలో ఒక పొద్దున లారీ వచ్చింది. ఈల పడలేదు. జొన్నలు మోసే బుచ్చయ్యను వాకిట్లోనే పట్టుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. బుచ్చయ్య పెండ్లాం ఏడుపు ఊరంతా విన్నది, ఆ ఏడుపుకు ఊరు ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చింది.

కులపంచాయితీ కూచుంది. ఈల ఎందుకు వేయలేదురా అని లచ్చన్నను అడిగారు. నర్సయ్య పెరట్లోంచి కూతతో సైగ పోయింది, అది మనోళ్లదో వాళ్లదో సమజ్ కాలేదు, అంతలో లారీ మీద పడ్డది అన్నాడు. ఇంకేం కావాలి? నర్సయ్య, అంటే మా బాపు, జుమ్మా జుమ్మాకు ఠాణాకు పోయేవాడే కదా. పిట్ట అని బాపు అంటే, ఉచ్చులు పెట్టి చెరువుమీది పిట్టలు పట్టడంలో పేరు పడ్డ మా కులపెద్దకు రోషమొచ్చింది.

"ఈ చెరువు మీద వాలే పిట్టంత నాకెరుక. నాకు తెల్వని పిట్ట నీ పెరట్లకెట్లొచ్చిందిరా నర్సిగా? ఠాణాకెళ్లి తెచ్చినవా?"

అందరూ నవ్వారు. మూడు రోజుల్లో పిట్టను తెచ్చి చూపిస్తానని బాపు మాటిచ్చాడు.

సన్నకన్ను పాతవలను రెండు కొమ్మల మధ్య కట్టి రెండు పొద్దులు ఊపిరి బిగపట్టి కూచున్నాం. మూడో పొద్దున అది వచ్చి పడింది. బూడిదరంగు వీపు, రొమ్ము మీద గోధుమ చారలు, తోకకు నల్లటి పట్టీలు, కంటిచుట్టూ పసుపు. అచ్చం డేగ. కానీ అరిచింది ఇదే, నా కళ్లతో చూశాను. బాపు తలగుడ్డలో చుట్టుకుని గర్వంగా పంచాయితీకి తీసుకుపోయాడు, నేను వెనక ఉరికాను.

కులపెద్ద చూశాడు. ఇది డేగ, డేగ అరుపు నాకు తెల్వదా అన్నాడు. కూయమను, వింటాం అన్నాడు. అందరూ కూచున్నారు. బాపు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఈలవేసి పిలిచాడు, చివరికి బతిమిలాడాడు. బాపు ఒక పిట్టను బతిమిలాడడం నేను చూశాను. అది గుండె కొట్టుకుంటూ పసుపు కళ్లతో అందరినీ చూసింది గాని నోరు తెరవలేదు. ఎవడో వెనకనుంచి, మాంచిగ సైగ చేస్తవు కదా, నువ్వే కూయరాదే నర్సన్నా అన్నాడు. నవ్వులు ఆగాక బాపు గుడ్డ విప్పి దాన్ని వదిలేశాడు. అది ఎగిరిపోయి ఎక్కడో చెట్టెక్కింది.

ఆ రోజే మా చేతిలోంచి తాడు పోయింది. చాకలి మానాడు, మంగలి మానాడు, పొయ్యికి నిప్పు కూడా ఇవ్వలేదు. వాడకట్టు పిల్లలకు నేను పిట్టోణ్ని అయ్యాను.

రెండు నెలలకు పోలీసు యాక్షన్ వచ్చింది. రజాకార్లు టోపీలు పారేసి మాయమయ్యారు. సరిగ్గా అప్పుడే ఆ పాడు పిట్ట కూడా నోరు మూసింది. చూసినవా, మాలిక్‌లు పోంగనే నర్సిగాని సైగ బందైంది అన్నారు ఊళ్లో. ఇంతకన్న రుజువు ఏ కోర్టుకు కావాలి? ఆ బతుకమ్మకు అవ్వ తంగేడు, గునుగు పేర్చి, మలీద ముద్దలు చేసి, ఆడవాళ్ల నడుమకు పోలేక పెరట్లో చింతకింద ఒక్కతే చుట్టూ తిరిగింది. చప్పట్లు కొట్టడానికి నేనొక్కణ్నే.

మరుసటి ఎండాకాలం అది మళ్లీ అరిచింది. బాపు ఇంటింటికీ పోయి, వచ్చి వినుండ్రి అన్నాడు. అప్పటికి ఎవరికీ తీరిక లేదు. కొన్నేళ్లకు కులపెద్దే మెత్తబడి, అయిందేదో అయింది, వచ్చి తాడు పట్టు అని కబురంపాడు. బాపు పోలేదు.

"పిట్ట అని ఒక్కలు చెప్పుండ్రి. గప్పుడు తాడు పడ్త."

ఎవరూ చెప్పలేదు. ఆయన రాళ్లు కొట్టే కూలికి పోయి, ఆ పనిలోనే దగ్గి దగ్గి పోయాడు. పోయేనాటికి ఆ చేతుల్లో ఎరుపు లేదు.

నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నది ఆ పిట్ట పేరు కోసమే. పట్నం ఫుట్‌పాత్ మీద పిట్టల బొమ్మల పుస్తకం కొన్నాను. బొమ్మల్లో డేగలన్నీ ఒకటే, బొమ్మలు అరవవు. పిట్టల సంగతి తెలిసినవాళ్లుండే దఫ్తరులకు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. చివరికి నిరుడు వానలకు ముందు ఆ గొంతు మళ్లీ వినిపిస్తే, నా మనమరాలు, పిట్టల గొంతులు గుర్తుపట్టేదేదో ఫోన్‌లో తెరిచి, చెట్టు దిక్కు ఎత్తి పట్టుకుంది. "తాతా, పపీహా అట. కోయిలకు చుట్టమట. చూస్తే డేగ లెక్కనే ఉంటదట. వానలు తగ్గినంక కూయదట." ఆ పిల్ల చదువుతూనే ఉంది. నేను గోడకు ఒరిగి కూచున్నాను. డెబ్బై ఏళ్ల పంచాయితీ అర నిమిషంలో తెగింది, వినడానికి పంచాయితీ లేదు.

ఇప్పుడు చింతచెట్టు లేదు, వలలు నైలాన్‌వి, తుమ్మచెక్క ఉడికే కాగు ఏ ఇంట్లోనూ లేదు. కట్ట మీది గుండును కంకర కోసం పగలగొట్టారు. ఆనాటి పంచాయితీలో కూచున్నవాళ్లలో మిగిలింది లచ్చన్న ఒక్కడే. తొంభై దాటాయి, చూపు లేదు, చెవి ఉంది. ఫోన్ తీసుకుని పోయాను. ఆయన మంచం పక్కన పెట్టి ఆ కూత వినిపించాను. మెట్టుమెట్టూ ఎక్కి టక్కున ఆగింది. ఇది మా పెరట్లో అరిచిందే, పిట్టనే కదా లచ్చన్నా, ఒక్క మాట చెప్పు అన్నాను. ఆయన ఫోన్ దిక్కు చెవి తిప్పాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.

"అవ్ తమ్మీ, పిట్టనే. నాకు గప్పుడే ఎరుక. లారీ వచ్చినప్పుడు నేను గుండు మీద నిద్రవట్టి పండుకున్న. ఈల ఎందుకెయ్యలేదని అందరు మీదికొస్తె, భయమై మీ పెరడు చూపెట్టిన."