మైకు లేని ఎన్నిక

తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాస్టారు నాతో, "నీ గొంతు బడిలో కంటే బజార్లో బాగా పనికొస్తుందిరా" అన్నారు. అది తిట్టని క్లాసులో అందరికీ అర్థమైంది, నాకు తప్ప. నేను సలహా అనుకుని, పుస్తకాల సంచిని అటకెక్కించి బజారున పడ్డాను. లెక్కల్లో నా మార్కులు తెలిసినవాడు కనుక ఆయన కూడా వెనక్కి పిలవలేదు.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆటోలో కూర్చుని మైకులో ప్రచారం చేసేవాణ్ణి. ఉదయం ఒక పార్టీకి, సాయంత్రం దాని శత్రువుకి. గొంతు ఒకటేనని జనం ఎప్పుడూ తప్పుపట్టలేదు. నాయకులే పొద్దునొక పార్టీలో, మాపునొక పార్టీలో తేలుతుంటే మైకువాడిదేం నేరం?

ఇప్పుడు ఉంటున్నది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కాండో, వరుసగా కట్టిన ఇళ్లలో ఒకటి. మా దంపతులిద్దరికీ రావలసిన చదువంతా నా భార్య వాటాకే పోయింది, అందుకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెది. ప్రాజెక్టు అల్ఫారెట్టాలో పడింది కాబట్టి సోమవారం విమానమెక్కితే మళ్లీ శుక్రవారమే దిగుతుంది. అమ్మాయి వేరే రాష్ట్రంలో కాలేజీ. మధ్య రోజుల్లో ఇంట్లో నాకు తోడు రైస్ కుక్కరు. అదీ ఎలక్ట్రిక్‌ది, ఈలైనా వేయదు. సాయంత్రం భార్య ఫోన్ చేస్తే నేననే "హలో" బొంగురుగా వచ్చేది. ఆ రోజుకి అదే నా మొదటి మాటని అప్పుడు తెలిసేది.

మా కాండోల మధ్య ఒక క్లబ్‌హౌస్ ఉంది. పెద్ద గది, నాలుగు సోఫాలు, కిటికీ బయట మేపుల్ చెట్లు. అక్కడే పరిచయమయ్యాడు జపాన్ పెద్దాయన. కార్ల విడిభాగాల కంపెనీలో పనికి వచ్చి, రిటైరై, భార్య పోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. కానీ రెండూ ఒకదాని భుజం మీద ఇంకొకటి చెయ్యేసుకుని బాగానే నడిచేవి. మధ్యాహ్నాలు ఆయన ఫ్లాస్కులో పచ్చటి టీ తెచ్చేవాడు, నేను చేగోడీలు తెచ్చేవాణ్ణి.

నా పాత ఉద్యోగం గురించి చెప్పిన రోజు ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"మా దగ్గరా ఉంది. వ్యాను మీద మైకు. కిటికీలోంచి తెల్ల గ్లౌజుల చేతులు ఊపుతారు. రోజంతా అభ్యర్థి పేరు, పేరు, పేరు."

"పేరొక్కటేనా? పాటలుండవా? అవతలివాణ్ణి తిట్టరా?"

"ఓటరు బ్యాలెట్ మీద ఆ పేరు తన చేత్తో రాయాలి. అందుకే ముందు చెవిలో పోస్తారు."

మా దగ్గర బొమ్మ చూసి మీట నొక్కితే చాలు. "అయితే నేను మీ దేశంలో పుట్టుంటే ఓటు కోసమైనా బడికి వెళ్లాల్సొచ్చేది" అన్నాను.

"కొందరు అభ్యర్థులు పోస్టర్ మీద పేరుని తేలిక అక్షరాల్లో వేసుకుంటారు. మీలాంటివాళ్ల కోసమే" అన్నాడాయన, ముఖంలో గీత కదలకుండా.

ఆ క్షణమే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. ఇక్కడ అందరూ నా జోకులకి మర్యాదగా నవ్వుతారు. తిరిగి వేసినవాడు ఆయనొక్కడే.

అప్పట్నుంచి మాకు అదే కాలక్షేపం. ఆయన తన దేశం సంగతి ఒకటి పెడితే నేను మా సంగతి పక్కన పెట్టేవాణ్ణి. అమెరికాలో దేశాధ్యక్షుడికి వేరే ఎన్నిక, మాకూ వాళ్లకూ ముందు సభ, సభలోంచి ప్రధాని. అంతవరకూ ఒకటే. "కానీ ఇన్నేళ్లుగా మీకు అధికారం దాదాపు ఒకే పార్టీది, ప్రధానులు మాత్రం బస్సులో ప్రయాణికుల్లా దిగి ఎక్కుతుంటారేం?" అని అడిగాను. పార్టీ లోపలే గుంపులుంటాయనీ, అసలు పోటీ అక్కడేననీ చెప్పాడు. నాకు వెంటనే తెలిసిపోయింది. మా దగ్గర మనుషులు అలాగే ఉంటారు, మెడలో కండువాలు మారతాయి. వాళ్ల దగ్గర కండువా అలాగే ఉంటుంది, మెడలు మారతాయి. తండ్రి సీటు కొడుక్కి రావడం గురించి ఆయన మొదలుపెట్టబోతే, "అది మాకు తెలుగులోనే తెలుసు" అని ఆపేశాను.

ఈ దేశంలో మా ఇద్దరికీ ఓటు లేదు. ఉన్నదల్లా కాండో అసోసియేషన్‌లో ఇంటికొక ఓటు. ఆ అసోసియేషనే ఆకులు రాలే కాలంలో నోటీసు పెట్టింది: హీటింగ్ ఖర్చు ఎక్కువవుతోంది, చలికాలమంతా క్లబ్‌హౌస్ మూసేద్దామా అని. మంచు పడితే రోడ్డు మీద మనిషి కనిపించని ఊరిది. ఆ గది మూస్తే నాకు మాట్లాడే మనిషి లేడు.

"నేను చూసుకుంటా. మీటింగులో ఒక్క స్పీచ్ కొడతాను" అన్నాను.

పెద్దాయన కప్పులో ఇంకొంచెం టీ పోసుకున్నాడు. "మీరు మాట్లాడాల్సిన అవసరం ఉండకపోవచ్చు."

మన విస్తరి దగ్గర "వద్దండీ, చాలండీ" అంటే ఇంకో గరిటె వేయమని కదా. ఆయన మొహమాటం నాకు అలాగే తోచింది. "అయ్యో, మీరు అడగాలా!" అన్నాను. ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు.

మీటింగు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. లెక్కలు చూసే ట్రెజరర్ ఒక అమెరికన్ పెద్దావిడ. ఆమె కాగితం తీసి గొంతు సవరించుకుంటుండగానే నేను లేచాను. ఎన్నాళ్ల తర్వాతో అంతమంది చెవులు! ఒంటరితనం గురించి రెండు మాటలు చెప్పి ఆగుంటే బాగుండేది. కానీ మైకు లేకపోయినా మైకువాడు మైకువాడే. "ఈవిడ తన పిల్లికి కొన్న స్వెటర్లన్నీ ఈ గదికి తొడిగితే హీటరే అక్కర్లేదు" అన్నాను. గది ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. కాగితంలో పైనున్న రెండు లైన్లు చదివి, మడిచి, కూర్చుంది. ఓటింగ్‌లో ఇందాక నవ్వినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు, గది తెరిచి ఉంచాలన్న వైపు చేతులు పెద్దగా లేవలేదు. క్లబ్‌హౌస్ మూతపడింది.

పార్కింగ్‌లో మా పక్క బ్లాక్ తెలంగాణ కుర్రాడు నన్ను ఆపాడు. సాఫ్ట్‌వేర్ పిల్లవాడు.

"అంకుల్, ఏం పని జేసిండ్రు మీరు? ఆ జపాన్ తాత ఎన్ని రోజుల సంది ఇంటింటికీ తిరిగిండో ఎరుకనా? మా ఇంటికి రెండుసార్లొచ్చిండు. ట్రెజరర్‌ని కూడా కన్విన్స్ చేసిండు. వీక్‌లో రెండు మధ్యాహ్నాలు ఓపెన్ పెడదామని ఆమెనే ప్రపోజ్ చెయ్యాల్సుండె. ఆమె మడిచిన పేపర్‌ల కింద లైన్ అదే!"

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీకు చెప్తే మీటింగ్‌కి ముందే మైక్‌ల వస్తది కద అంకుల్."

భార్య ఫోన్‌లో విని నిట్టూర్చింది. "ఏవండీ, ఇక్కడ మీటింగంటే ముందే డిసైడ్ అయినదాన్ని అనౌన్స్ చేయడమేనండీ. మా ఆఫీస్‌లోనూ అంతే. అది ఒక్క జపాన్‌లోనే కాదు."

నిజమే. మాకు సభ అంటే యుద్ధం మొదలయ్యే చోటు. ఆయనకది యుద్ధం ముగిశాక ఫొటో దిగే చోటు. ఇంత తేడా ఆ సోఫాలో కూర్చుని అన్ని మధ్యాహ్నాలు మాట్లాడుకున్నా నాకు తట్టలేదు.

మంచు మొదలైంది. పెద్దాయన ఇల్లు రెండు వరుసల అవతల. కిటికీలోంచి ఆయన దారి మీద మంచు తోసుకుంటుంటే చూసేవాణ్ణి. వెళ్లడానికి ముఖం చెల్లలేదు. క్లబ్‌హౌస్ తలుపుకి గొలుసు వేశారు. చేగోడీలు చేస్తే డబ్బాలో మెత్తబడిపోయేవి. టీవీ పెట్టుకుని యాంకరుకి జవాబులిచ్చేవాణ్ణి. అతను నా వంతు వచ్చినా ఆగేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. తీస్తే పెద్దాయన, టోపీ చేతిలో, తల మీద మంచు. నేను నోరు తెరిచేలోగా నడుము దాకా వంగాడు.

"నేను స్పష్టంగా చెప్పలేదు. తప్పు నాది."

కళ్లు తడి కాకుండా ఉండాలంటే నాకు తెలిసిన దారి ఒకటే. "మా నాయకులు ఓట్లకి ముందు వంగుతారు, మీరేంటండీ, ఓడిపోయాక వంగుతున్నారు?"

"మేం రెండుసార్లూ వంగుతాం" అన్నాడు లేస్తూ. "మార్చిలో మళ్లీ మీటింగుంది, వచ్చే చలికాలం గురించి."

లోపలికి పిలిచి, టీ పెడుతూ అన్నాను: "ఈసారి నోటికి ప్లాస్టర్ వేసుకుని వస్తాలెండి."

"వద్దు" అన్నాడాయన, ముఖంలో గీత కదలకుండా. "మీరు రేపటినుంచే ప్రతి ఇంటికీ వెళ్లండి. ముందు ట్రెజరర్ ఇంటికి. జోకులన్నీ గుమ్మాల్లోనే చెప్పేయండి. మీటింగుకి ఒక్కటి కూడా మిగలకూడదు."