యాదగిరి గారు టెన్నిస్ అనలేదు

2023 జులై. అప్పట్లో గచ్చిబౌలిలో ఒక ఫిజియోథెరపీ సెంటరు మూడో అంతస్తులో నాకో గది ఉండేది. కిటికీ అవతల అద్దాల ఆఫీసులు, కింద ఫ్లైఓవరు మీద కదలని కార్లు. నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకు మాట తిరిగి రప్పించడం నా పని. ఈ సంగతి విని నిజాంపేటలో మా పక్కింటావిడ, "రప్పించడం సరే, మా ఆయనకి కాసేపు ఆపడానికేమైనా ట్రీట్‌మెంటు ఉందా?" అని అడిగింది. ఆ ట్రీట్‌మెంటు దొరికితే ముందు నాకే చేయిస్తానని మా ఆయన కూరలు తరుగుతూ లోపల్నించి అన్నారు. నాది కొంచెం గట్టి నోరే, ఒప్పుకుంటాను.

యాదగిరి గారికి అరవై ఒకటి. కుర్రతనంలో ఒక క్లబ్బులో మార్కరుగా చేరారు. మార్కరంటే, జోడీ దొరకని మెంబర్లతో ఆడటానికి క్లబ్బువాళ్ళు జీతమిచ్చి పెట్టుకునే మనిషి. తర్వాత ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్ల కోర్టుల్లో పిల్లలకు టెన్నిస్ కోచ్ అయ్యారు. ఏప్రిల్లో స్ట్రోకు వచ్చింది. కుడి చెయ్యి బలహీనపడింది, మాట పూర్తిగా పోయింది. దీన్ని అఫేజియా అంటాం. మతిమరుపు కాదది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాల్సింది లోపల తెలుస్తూనే ఉంటుంది, మాట మాత్రం నోటిదాకా రాదు.

వారానికి మూడు రోజులు లింగంపల్లి నుంచి భార్య భాగ్యమ్మ ఆయన్ని తీసుకొచ్చేది. కారు తోలేది సింధు. చిన్నప్పుడు ఆయన దగ్గర ఆట నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు కోకాపేటలో ఉద్యోగం. పొద్దున్నే వీళ్ళని దింపి, సెషన్ అయ్యేదాకా బయట బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది.

మా పద్ధతిలో మొదట చేయించేది నేమింగ్. బొమ్మ కార్డు చూపించి పేరు చెప్పమంటాం. చెప్పలేకపోతే క్యూ ఇస్తాం, అంటే మొదటి అక్షరం అందించడం. పలికితే మార్కు, లేకపోతే సున్నా. మనిషికి బాగా అలవాటైన మాటతో మొదలుపెడితే తొందరగా వస్తుందని నా నమ్మకం. అందుకని ఆయన కోసమే ప్రత్యేకంగా ఒక కార్డు చేయించాను. నెట్టూ, రాకెట్టూ, పచ్చటి బంతీ.

"ఇదేంటండీ? మీ ఆటేగా? టె... టె..."

ఆయన పెదాలు కూడదీసుకునేవారు. మెడ నరాలు ఉబ్బేవి. గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. కాసేపటికి మొహం కిటికీ వైపు తిప్పేసుకునేవారు. నేను సున్నా వేసి, ఇంకో రెండు కార్డులు చూపించి, మళ్ళీ దీనికే వచ్చేదాన్ని. పట్టు వదిలే రకం కాదు నేను. ఐదు వారాలు ఇదే తంతు.

ఆరో వారం మొదటి రోజు భాగ్యమ్మ కుర్చీలో కూర్చోకుండానే చెప్పేసింది.

"ఇయ్యాల ఆఖరు మేడం. ఇగ మేం రాము."

"ఎందుకు రారు?"

"ఇంటికి పోయినంక అన్నం ముడ్తలేడు. గోడ దిక్కు తిరిగి పంటున్నడు. మాట రాకపోతే రాకపాయె, నేను అర్థం జేసుకుంట. మనిషన్న మిగలాలె గద."

నాకు ఒళ్ళు మండింది. స్ట్రోకు తర్వాత తొలి నెలలు మళ్ళీ రావనీ, ఇప్పుడు మానేస్తే రాగలిగే మాట కూడా లోపలే ఉండిపోతుందనీ, రేపు దాహమేస్తే చెప్పుకోలేని మనిషిని చేసుకుంటున్నావనీ గడగడా వాదించాను. ఆమె అంతా విన్నది. తర్వాత నెమ్మదిగా అంది:

"మీరు సదువుకున్నోళ్ళు. కానీ మేడం, నలభై ఏండ్లు ఆయన ఆ ఆట మీద బతికిండు. మీరు ఆ ఆట పేరే అడిగి దినాం ఓడగొడ్తున్నరు."

బల్ల మీదున్న ఆ కార్డు బోర్లా తిప్పాను. యాదగిరి గారు తల దించుకుని తన కుడి చేతి వేళ్ళు చూసుకుంటున్నారు. ఈ గొడవంతా ఆయనకు అర్థమవుతూనే ఉంది కదా.

గొంతులు విని సింధు తలుపు దగ్గరికొచ్చింది. "మేడం, ఒకటి చెప్పనా? కోపం రాదుగా?"

"నాకు కోపం చెప్పినా వస్తుంది, చెప్పకపోయినా వస్తుంది. చెప్పు."

"సార్ కోర్టులో టెన్నిస్ అనే మాట అనంగ నేనెప్పుడూ వినలే. ఆట అంటరు, అంతే. ఆయన రోజంతా అనేది వేరే మాట. బంతి వేసే ముందు ప్రతిసారీ 'పట్టు బిడ్డా' అంటరు."

"అయితే?"

"అయితే ఏంటంటే..." ఆమె లోపలికొచ్చింది. ఫోన్ యాప్‌లలోని మాటల్ని రకరకాల భాషల్లో సరిచూసే ఉద్యోగం ఆమెది. "మా ఆఫీసులో ఈ మాట వచ్చినప్పుడు చూసిన మేడం. చైనావాళ్ళు ఈ ఆటను వల బంతి అంటరు. అరబ్బీలో రాకెట్టు బంతి. జపాన్‌ల పాత పేరు తోట బంతి. అందరూ కంటికి కనిపించిందే పేరు పెట్టుకున్నరు. టెన్నిస్ ఒక్కటే అట్ల కాదు. ఫ్రాన్సువాళ్ళు అప్పట్ల చేత్తో ఆడేవాళ్ళు, ఆటను అరచేతి ఆట అనేవాళ్ళు. కానీ బంతి వేసేటోడు అవతలివాడికి 'తెనే' అని కేకేసేవాడట. అంటే పట్టుకో అని. ఇంగ్లీషువాళ్ళు విన్న ఆ కేకే ఆటకు పేరైందంటరు."

"ఇది క్లినిక్కమ్మా, క్విజ్ పోటీ కాదు," అన్నాను. (ఇంటికెళ్ళి వెతికాను, నమ్మక. పేరు ఈజిప్టులో ఏదో పాత ఊరి నుంచి వచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు గానీ, ఎక్కువమంది సింధు చెప్పిందే చెబుతారు. పైగా ఫ్రెంచిలో అది మర్యాద మాట. మా కృష్ణా జిల్లా లెక్కలో 'పట్టుకోండి'.)

ఈలోగా సింధు కిందికెళ్ళి కారులోంచి నూగు రాలిపోయిన పాత బంతి ఒకటి తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. "మీరు ఎదురుగ నిలబడుండ్రి మేడం."

నిలబడ్డాను. ఒక చేతిలో మార్కుల కాగితం, ఇంకో చేతిలో పెన్ను. ఆయన బంతిని బొటనవేలితో రెండుసార్లు తడిమి నా వైపు చూశారు. వెయ్యలేదు. నేను క్యూ ఇచ్చాను, "ప... ప..." అని. ఆయన చిరాగ్గా తల అడ్డంగా ఊపారు. ఐదు వారాల్లో ఆయన నా మీద చిరాకుపడటం అదే మొదటిసారి. నాకెందుకో సంతోషమేసింది.

సింధు నవ్వింది. "మేడం, అట్ల నిలబడితే సార్ జన్మల వెయ్యరు. ఎదుటోళ్ళు రెడీగ లేకుండ బంతి వేసుడు ఆయన దగ్గర లేదు. నేనొకసారి జడ సవరించుకుంటుంటే అది అయ్యేదాకా ఆగిండ్రు."

ఆయన బలహీనమైన కుడి చేత్తోనే కిందికి సైగ చేశారు. మోకాళ్ళు వంచమని.

కాగితమూ పెన్నూ బల్ల మీద పెట్టాను. కొంగు నడుముకు దోపుకున్నాను. నలభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు రెండూ వంచి, రెండు చేతులూ ముందుకు చాచాను. భాగ్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వితే నవ్వుకోనీ.

ఆయన నా కళ్ళలోకి చూశారు. చూసి, రెడీగా ఉన్నానని ఒప్పుకున్నట్టు గడ్డం కాస్త ఎత్తారు.

"ప... ట్టు. పట్టు బిడ్డా."

బంతి నా భుజానికి తగిలి బీరువా కిందికి దొర్లిపోయింది. పట్టలేదు నేను. కళ్ళు కనబడితేగా.

ఇది మహిమేం కాదు. ఏళ్ళ తరబడి అనీ అనీ అరిగిన మాటలు మెదడులో వేరే దారిన బతికుంటాయి. ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. పేరు చెప్పలేనివాడు దండకం చదివేస్తాడు, తిట్టేస్తాడు. నాకది పుస్తకంలో తెలుసు, పరీక్షలో రాశాను, జూనియర్లకు పాఠం చెప్పాను. ఐనా ఐదు వారాలు ఆయన ఎదుట బల్ల వేసుకుని, పెన్ను పట్టుకుని, ఆ నోట్లోంచి పడేదాన్ని లెక్కేయడానికి కూర్చున్నాను. అందుకోవడానికి కాదు.

వాళ్ళు మానలేదు. బంతి తర్వాత గ్లాసు అందిస్తూ "పట్టు", తువ్వాలు అందిస్తూ "పట్టు". ఆ ఒక్క మాట పక్కన మెల్లగా "నీళ్ళు" చేరింది, "జర ఆగు" చేరింది. కొన్నిసార్లు వారానికి ఒక్క మాటే వచ్చేది, కొన్ని వారాలు అదీ లేదు. దసరా అయ్యాక సింధు ఆయన్ని కోర్టుకు తీసుకెళ్ళింది. కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో చిన్నపిల్లలకు బంతులు వేస్తున్నారని చెప్పింది. పిల్లలు మోకాళ్ళు వంచేదాకా వెయ్యట్లేదట.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ ఆరో వారమే, అదే రోజు. తర్వాతి సెషన్ల చీటీ రాసివ్వడానికి బయటికొస్తే ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. భాగ్యమ్మ కమలాపండు ఒలిచి ఒక్కో తొన ఆయన చేతికిస్తోంది. ఏప్రిల్ నుంచీ అంతే, ఆమె పెట్టడం, ఆయన తినడం. ఆయన ఒక తొన తినకుండా ఉంచుకుని, ఆమె వైపు తిరిగి ఆగారు. ఆమె చేతులు తుడుచుకుంటోంది. ఆయన ఆగారు. ఆమె తలెత్తి చూశాక అప్పుడు చెయ్యి చాపారు.

"పట్టు."

ఆమె పట్టింది.

ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. యాదగిరి గారు టెన్నిస్ అని ఈ రోజుకీ అనలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. కొత్త పేషెంటు వస్తే మొదటి రోజు బల్ల గోడవారకు జరిపేస్తాను. పెన్ను సంచిలో ఉంటుంది. రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని ఎదురుగా నిలబడతాను, మోకాళ్ళు కొంచెం వంచి.