చూరునీళ్లు పడే చోటు

తవ్విపోసిన పాత మట్టి మీద తడి సిమెంటు పడ్డప్పుడు ఒక వాసన లేస్తుంది. నెల రోజులుగా మా వీధంతా అదే వాసన. హైదరాబాదులో మేముండే కాలనీకి కొత్త ఫుట్‌పాత్ వేస్తున్నారు. కారు ఎక్కించే వాలు పగలగొట్టారని ఎదురింటాయన, గేటు పక్క మందారం పీకేశారని పక్కింటావిడ రోజూ కంట్రాక్టరుతో తగవు పెట్టుకుంటున్నారు. నాకు తగవు లేదు గానీ, ఆ గుంతలోకి తొంగిచూసే ధైర్యమూ లేదు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషివి, గుంతను చూసి భయమేమిటని మా మనవరాలు నవ్వుతుంది. నిజామాబాదులో మా ఇంటి ముందు మొదటిసారి ఫుట్‌పాత్‌కు గుంత తీస్తారన్నప్పుడు అందులోంచి ఏం బయటపడుతుందోనని మా అమ్మ ఎంత భయపడిందో దానికి ఎట్లా తెలుస్తుంది!

మాది రోడ్డును ఆనుకున్న గూనపెంకుల ఇల్లు. ముందు పొడవాటి అరుగు, దాని మీదికి వంగిన చూరు. చలికాలం తెల్లవారుజామున బోధన్ దిక్కు పోయే చెరకు బండ్ల గంటలు, వెనకనుంచి చెరకు గడ లాగిన పిల్లల మీద బండివాడి తిట్లు, ఎండలు ముదిరే ముందు గంజ్‌కు వచ్చే పసుపు బస్తాల ఘాటు, పీర్ల పండుగనాడు దోసిట్లో పోసే మలీద, బతుకమ్మ నాళ్లలో అరుగు మీద గుట్టగా పోసిన తంగేడు, గునుగు పూల పచ్చి వాసన, మరాఠీలో అరుస్తూ గాజులమ్మే ఆమె బుట్ట దించి అవ్వనడిగే చెంబెడు నీళ్లు, ఇవన్నీ ఆ అరుగు మీదుగానే మా ఇంట్లోకి వచ్చేవి. మధ్యాహ్నాలు మేం గచ్చకాయలాడేదీ, మా నాయనమ్మ, ఆమెను అవ్వ అనేవాళ్లం, తంబాకు నములుతూ దారిన పోయేవాళ్లందరి మంచిచెడ్డలు విచారించేదీ అక్కడే. మా అవ్వకు తెలియకుండా ఆ వీధిలో పెళ్లిచూపులు కూడా జరిగేవి కావు.

అరుగుకు ఎడమ చివర, చూరునీళ్లు నేల మీద వరుసగా గుంటలు పెట్టే చోట, పిల్లలెవరూ నిలబడకూడదు. అక్కడ మా చిన్నమ్మ బిడ్డ ఉంది. చిన్నమ్మ అంటే మా కాక, నాన్న తమ్ముడు, ఆయన భార్య. ఆమె తొలిచూలు ఆడపిల్ల పురిటి స్నానం కాకముందే, పేరైనా పెట్టకముందే పోయింది. అట్లా పోయిన బిడ్డను మావాళ్లు ఊరి బయటికి పంపరు. గురిగిలో, అంటే చిన్న మట్టికుండలో, పెట్టి చూరు కింద పూడుస్తారు. ఆ ఇంటి కప్పు మీది వాననీళ్లు పడుతూ ఉంటే బిడ్డ ఆ నీళ్ల దారినే మళ్లీ అదే తల్లి కడుపులోకి వస్తుందని నమ్మకం. మా ఇంట్లో అది నమ్మకమని కూడా ఎవరూ అనుకోలేదు, పొద్దు పొడుస్తుందన్నంత మామూలుగా చెప్పుకునేవారు. వాన మొదలైతే చిన్నమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి అరుగు చివర కూర్చునేది. ఒక్కో బొట్టూ మట్టిలోకి దిగడాన్ని చూస్తూ, పెదవులు కదిపేది. ఏం మాట్లాడేదో వినబడేది కాదు. మధ్యలో ఎవరి మాటకో జవాబు చెప్పినట్టు తలూపేది, అప్పుడు మాత్రం నాకు లోపలికి పారిపోవాలనిపించేది.

పోచంపాడ్ దగ్గర ఆనకట్ట కడతారని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో మా వీధికి ఫుట్‌పాత్ వచ్చింది. ఒక ఓవర్సీరు వచ్చి సున్నంతో గీత గీయించాడు. ఆ గీత మా అరుగును నిలువునా చీల్చుకుంటూ పోయింది. వీధంతా గగ్గోలు. పక్కింట్లో ఉండే శాంతమ్మ టీచరు ఒక్కతే, వాళ్లది మెథడిస్టు కుటుంబం, తన జామచెట్టు పోతున్నా సంతోషపడింది. బడిపిల్లలు వానకాలం మోరీల పడకుండ నడుస్తరు గదా అంది. బాపు, అంటే మా నాన్న, మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి అరుగు వదిలేయమని అడిగొచ్చాడు. అరుగే కాదు, చూరు కూడా సర్కారు జాగాలోకి వచ్చింది కాబట్టి కోయాల్సిందేనన్నారట.

"సూరు గాలిల ఉంటది గదరా, గాలి గూడ సర్కారుదేనా?" అంది అవ్వ.

చిన్నమ్మ ఆ రాత్రి నుంచి అన్నం మానేసింది. గడ్డపారలు దిగితే గురిగి పగులుతుంది. పగలకపోయినా చూరు వెనక్కి పోతే నీళ్లు ఆ చోట పడవు, పైన పరిచిన బండల మీద ఊరంతా చెప్పులతో నడుస్తుంది. ఇక బిడ్డ ఎట్లా వస్తుంది? ఆమెకు అది తప్ప వేరే ఆశ లేదు, కడుపు మళ్లీ పండలేదు. ఆమెను చూడలేక కాక మొక్కు పేరు చెప్పి భీమ్‌గల్ లింబాద్రి గుట్టకు తీసుకుపోయాడు.

వాళ్లు లేని ఆ మధ్యాహ్నం ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. అవ్వ నిద్రపోయింది. అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరన్నా వస్తే దగ్గమంది. కొంగు నడుముకు చుట్టుకుని తొలికతో తవ్వింది. ఎంతసేపు తవ్విందో గానీ చప్పుడే లేదు. మట్టి తనంతట తాను పక్కకు జరిగినట్టు అనిపించింది నాకు. గురిగి పగల్లేదు, మీద కట్టిన గుడ్డ మాత్రం లేదు. అమ్మ లోపలికి చూడలేదు, నన్ను చూడనియ్యలేదు. తన పాత చీర ముక్కలో కట్టి, గుంత పూడ్చి, పైన నీళ్లు చల్లి పేడతో అలికింది.

"మీ అమ్మమ్మ ఇంట్ల సూరు కింద పెడుదం బిడ్డా. ఈ ఊర్ల ఏ సూరు ఉంటదో, ఏది పోతదో. మీ చిన్నమ్మ వచ్చినంక నేనే చెప్త. నువ్వు నోరిప్పకు" అంది.

మా అమ్మమ్మ ఊరు మోస్రా. సాయంత్రం బస్సులో ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ ఆ మూటను మొదట చేతిలో పట్టుకుంది, తర్వాత చంకకు మార్చింది, ఇంకాసేపటికి భుజాన వేసుకుంది. బరువైందా అమ్మా అంటే ఉలిక్కిపడి నా వైపు చూసింది. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ముసలామె, కళ్లు సరిగ్గా కనబడవనుకుంటా, జరిగి చోటిచ్చింది. "సంటిపిల్లనెత్తుకోని ఎంతసేపు నిలవడ్తవమ్మా, కూసో. మెల్లగ, నిద్రవోతుంది" అంది. అమ్మ కూర్చుంది. ఒళ్లో పెట్టుకున్న మూట మీద చెయ్యి వేసి మోస్రా వచ్చేదాకా తీయలేదు. ఆ చెయ్యి మెల్లగా జోకొట్టడం నేను చూశాను.

చిన్నమ్మ తిరిగొచ్చేసరికి వీధి మొదట్లో గుంతలు మొదలయ్యాయి. అమ్మ చెప్పడానికి సమయం కోసం చూస్తూనే ఉంది. ఈలోగా పనివాళ్లు మా ఇంటికి వచ్చేశారు. అరుగు కూలింది. చిన్నమ్మ గడప మీద కొంగు పరిచి కూర్చుంది, గురిగి కనబడితే అందులోకి తీసుకుందామని. మోకాలి లోతు, తర్వాత నడుము లోతు తవ్వారు. ఏమీ రాలేదు. పెంకు ముక్క కూడా లేదు. పనివాళ్లు పక్కింటికి జరిగిపోయాక అవ్వ ఒక్కసారిగా చప్పట్లు కొట్టి ఏడ్చింది.

"మట్టిల లేదే! లేసి వచ్చింది పిల్ల! ఇంట్లకే వస్తది!"

అప్పుడు చిన్నమ్మ ముఖం వెలిగిన తీరు చూసి అమ్మ గొంతులో మాట గొంతులోనే ఉండిపోయింది. అది మళ్లీ బయటికి రాలేదు.

చూరును రంపంతో కోశారు. తీసిన గుంతలో మురుగు పారే మోరీ కట్టి, దాని మీద షాబాదు బండలు పరిచారు. ఫుట్‌పాత్ మా గడప కంటే ఎత్తుగా లేచింది. ఇల్లు ఉన్నచోటనే ఉండి కిందికి దిగిపోయినట్టయింది. వానకు బండల మీది నీళ్లన్నీ మా ముందర గదిలోకి వచ్చేవి. పగలు కూడా దీపం కావాల్సి వచ్చేది. కిటికీలోంచి మనుషులు కనబడడం మానేశారు, కాళ్లే కనబడేవి. కింద బోలు కాబట్టి ప్రతి అడుగూ మోగేది. దూరం నుంచి టక్కు టక్కుమని వచ్చిన అడుగులు మా ఇంటి ఎడమ చివరికి రాగానే ఆగేవి. వచ్చినవాళ్లు రోడ్డు మీదికి దిగి, ఆ బండ దాటాక మళ్లీ ఎక్కేవారు. తెలిసినవాళ్లే కాదు, రైలు దిగి వచ్చిన పరాయివాళ్లు, సైకిలు నడిపించుకుపోయేవాళ్లు, మేకలు కూడా అంతే. ఎందుకు దిగావని నేనొకసారి పాలబ్బాయిని అడిగితే, "దిగిన్నా?" అని వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా నేను దిగే నడిచేదాన్ని.

మరుసటి ఏడు వానలు వచ్చేసరికి అమ్మ నిండు నెలలతో మోస్రా పోయింది. ముసురు పట్టిన ఒక పగలు చెల్లె పుట్టింది. పురిటి గది తలుపు పక్కనే చూరు ధార కడుతోంది, ఆ ధార ఎక్కడ పడుతోందో అమ్మా నేనూ చూస్తూనే ఉన్నాం. చూడ్డానికి వచ్చిన చిన్నమ్మ తడిచీర కూడా మార్చుకోకుండా పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది. అప్పటిదాకా గుక్కపెట్టి ఏడుస్తున్నది చప్పున ఆగి ఆమెను చూసింది.

"వచ్చినవా? ఇంత ఆలిస్యమా?" అంది చిన్నమ్మ.

తోడికోడళ్లిద్దరం ఒకే చూరు కింద ఉన్నాం కదా, పిల్ల కడుపు పొరపాటు పడిందని ఆమె లెక్క. అవ్వ కూడా ఔనంది. గంగామణి అని పేరు పెట్టింది చిన్నమ్మే. నీళ్లు పోసిందీ, పక్కలో పడుకోబెట్టుకుందీ ఆమే. నడక వచ్చాక గంగామణి వాన పడితే చాలు బయటికి పరుగెత్తి, అందరూ దిగిపోయే ఆ బండ మీదనే కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, కూర్చోవద్దంటే వినేది కాదు. పైన చూరు లేకపోయినా తల ఎత్తి దోసిలి పట్టేది. అది చూస్తే అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకునేది.

గంగామణిని బడిలో వేసే ఏడు కాకకు బోధన్‌లో పని దొరికింది. సామాను కట్టుకున్నాక చిన్నమ్మ అమ్మ ముందుకొచ్చి నిలబడింది. "అక్కా, నా బిడ్డను నాతోని తోలు" అంది. బతిమాలినట్టు లేదు, తన వస్తువు అడిగినట్టే ఉంది. బాపు కోపంతో లేచాడు. అమ్మ ఒక్క మాట చెబితే, గురిగి ఎక్కడుందో చెబితే, ఆ అడగడం అక్కడే ఆగిపోయేది. నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను, చెప్పమ్మా అని. అమ్మ గంగామణి గౌన్లు మడతపెట్టి, తల దువ్వి, చెయ్యి తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టింది.

బండి మలుపు తిరిగాక నేను ఏడుస్తూ అరిచాను. అమ్మ నన్ను లోపలికి లాక్కుపోయి చెవిలో చెప్పింది: "దాని జాగ నేనే మార్చిన. మా తల్లిగారింటి సూరు కిందికి నేనే తోల్కపోయిన. గందుకే నా కడుపుల వడ్డది. ఆమె బిడ్డను ఆమెకిచ్చిన. ఏడ్వకు." ఆమె మాత్రం ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడా ఇల్లు లేదు. ఆ చోట మూడంతస్తుల దుకాణాలు లేచాయి, ఫుట్‌పాత్ అంతా వాళ్ల సామానే. మోస్రాలోనూ స్లాబు వేశారు, వాననీళ్లు గొట్టంలోంచి పోతాయి. చూరున్న ఇల్లు నేను చూసి చాలా ఏండ్లయింది. అవ్వ, బాపు, కాక, చిన్నమ్మ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆఖరున అమ్మ పోయింది. తనను కన్నదెవరో గంగామణికి తెలుసు, చుట్టాలందరికీ తెలుసు. గురిగి సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. అమ్మ పోయేరోజు గంగామణి బోధన్ నుంచి వచ్చి, తల ఒళ్లోకి తీసుకుని చెంచాతో నీళ్లు పోసింది. అమ్మ దాని ముఖంలోకే చూస్తోంది, ఏదో మాట కోసం చూసినట్టు.

గంగామణి ఆమె పెదవులు తుడిచి అంది: "ఇంకొంచెం తాగు, పెద్దమ్మా."