కత్తిరించని బెల్టు

మాచర్ల స్టేషను రోడ్డులో మీరా సాహెబ్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవడూ చెప్పలేడు. కత్తెర సాయిబు షెడ్డు ఎక్కడని అడగండి, టీకొట్టువాడు గ్లాసులు కడుగుతూనే గడ్డంతో చూపిస్తాడు. కొత్తవాళ్ళు ఆ పేరు విని జేబులు తడుముకుంటారు గానీ, ఆ మనిషి ఎవరి జేబూ కత్తిరించిన పాపాన పోలేదు. ఆయన కత్తిరించేది బెల్టులు.

కారు ఇంజనులో టైమింగు బెల్టని ఒకటుంటుంది. లోపలి వైపు పళ్ళున్న రబ్బరు పట్టీ. ఇంజను పైభాగమూ కింది భాగమూ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా లెక్క ప్రకారం తిరుగుతున్నాయంటే దాని చలవే. అది తెగిందా, పరిగెత్తే కారు పరిగెత్తుతూనే చచ్చిపోద్ది. మీరా సాహెబ్ పద్ధతి ఏందంటే, ఏ బండికైనా ఆ బెల్టు ఊడదీశాడంటే, గోడకున్న పెద్ద కత్తెర అందుకుని, బండి ఓనరు చూస్తుండగానే దాన్ని రెండు ముక్కలు చేస్తాడు. కొత్తది వేస్తేనే బండి కదిలేది. ఆ కత్తెర వాళ్ళ నాన్నది. ఆయన దర్జీ.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. చిన్నప్పుడు నరసరావుపేటలో ఆయన పని నేర్చుకున్న షెడ్డులో, ఉస్తాదు పాత బెల్టుని గుడ్డతో తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి, ఇంకొకడి బండికి వేసేవాడు. ఇదేందని అడిగితే "ఎవడు చూడొచ్చాడురా" అనేవాడు. ఆ మాట తల్చుకుంటే మీరా సాహెబ్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది. సొంత షెడ్డు పెట్టిన రోజే కత్తెర గోడకి తగిలించాడు. "నిరుడేగా వేయించింది, మళ్ళీ అదే బిగించవయ్యా" అని ఎంతమంది ఎన్నిసార్లు పోట్లాడారో లెక్కలేదు. ఆయనది ఒకటే జవాబు.

"నేను పెద్ద మంచోణ్ణని గాదు నాయనా. పాతది ఎదురుగా ఉంటే ఎవడి చెయ్యైనా దానిమీదికే పోద్ది. కత్తిరిస్తే ఇంక ఆలోచనే ఉండదు."

ముప్పై రెండేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాడు.

ఆయన భార్య మాబున్నీసాకి నాలుగేళ్ళ కిందట కిడ్నీలు చెడిపోయినయ్. అప్పట్నుంచి మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి నరసరావుపేట పోయి, డయాలసిస్ మిషను పెట్టించుకుని నాలుగు గంటలు పడుకోవాలి. పొద్దున ఎనిమిదికల్లా అక్కడ లేకపోతే ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి బస్సులో తీసుకుపోయాడు. వచ్చేటప్పుడు పిడుగురాళ్ళ బస్టాండులో కళ్ళు తేలేసింది. ఇంకోసారి తుఫాను వానకి మానేస్తే, ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ రెండూ చూశాక మీరా సాహెబ్‌కి భయం పట్టుకుంది. ఇంక కృపాదానం కారే దిక్కు.

కృపాదానం చర్చి వెనక వీధి మనిషి. పాత డీజిలు కారు, సొంతది, తనే నడుపుకుంటాడు. వెనక సీట్లో ఒక దిండూ దుప్పటీ ఎప్పుడూ ఉంటయ్, మాబున్నీసా కోసం. కారెక్కంగానే మొదలుపెట్టేవాడు.

"వదినా, నిన్న నీళ్ళు ఎన్ని తాగావు? అబద్ధమాడితే గురజాలలో దించేస్తా."

"రెండేనయ్యా."

"రెండు గ్లాసులా, రెండు బిందెలా?"

అంత నీరసంలోనూ ఆమె నవ్వేది. నాలుగేళ్ళలో ఆమెని నవ్వించిన మనిషి ఎవరన్నా ఉన్నారంటే అతనొక్కడే. మీరా సాహెబ్‌కి అది కూడా చేతగాదు పాపం, ఆయన ముఖమే అంత.

ఆ గురువారం మధ్యాహ్నం కృపాదానం కారు పొగలు కక్కుకుంటా షెడ్డుకొచ్చింది. చూస్తే వాటర్ పంపు కారిపోతంది. పంపు మార్చాలంటే టైమింగు బెల్టు తియ్యాలి. తీశాడు. పంపు మాచర్లలోనే దొరికింది. బెల్టు దొరకలేదు. నరసరావుపేటలో కొట్టుకి ఫోను చేస్తే, "స్టాకు అయిపోయింది సాయిబూ, గుంటూరు నుంచి రేపు పొద్దునే వచ్చిద్ది" అన్నాడు.

మీరా సాహెబ్ అప్పటికే అలవాటు కొద్దీ కత్తెర తీసి బెల్టు మీద పెట్టాడు.

"అన్నా, ఆగాగు! రేపు శుక్రవారం."

చెయ్యి ఆగిపోయింది.

పెళ్ళిళ్ళ రోజులు. తెలిసిన కార్లవాళ్ళకి ఇద్దరూ కూర్చుని ఫోన్లు చేశారు. అన్ని బండ్లూ పెళ్ళిళ్ళకి పోయినయ్. కత్తెర బల్ల మీద పెట్టి బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. అది తిరిగింది ఇరవై వేల కిలోమీటర్లే, అరవై వేలదాకా వచ్చే సరుకు. అంతవరకూ బాగానే ఉంది. కానీ పంపులోంచి కారిన నీళ్ళు ఎన్నాళ్ళుగా దానిమీద పడుతున్నయ్యో ఎవడికి తెలుసు? ఆ నీళ్ళలో కలిపే మందుకి రబ్బరు ఉబ్బుద్ది. ఇంకొకడికైతే ఆ మాట తనే చెప్పి తిట్టి పంపేవాడు.

శుభ్రంగా తుడిచి, వెనక్కి వంచి, ఒక్కో పన్నూ చూసుకుంటా పోయాడు. ఒక పన్ను మొదట్లో వెంట్రుకంత గీత కనిపించింది. మట్టో, చీలికో. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. తీసి పెట్టుకోలేదు. బొటనవేలితో రుద్దాడు. పోయినట్టే అనిపించింది. మట్టే అనుకున్నాడు. ఏం మనిషయ్యా! జేబులో ఉన్న కళ్ళజోడుకి చెయ్యి రాలేదంటే, అక్కడ ఏముందో చూడ్డం ఇష్టం లేకనే గదా!

"ఏమంటావన్నా?" అన్నాడు కృపాదానం.

"రేపు ఒక్క రోజుకి. పోయి రావడం, అంతే. స్పీడు అరవై దాటనీకు. పేటలో కొత్తది నేనే కొంటా, తిరిగి రాంగానే మార్చేస్తా."

"నువ్వు చెప్పాక ఇంకేందన్నా."

బెల్టు ఏ వైపు తిరగాలో సుద్దముక్కతో దానిమీద బాణం గుర్తు గీసి, మళ్ళీ బిగించాడు. కత్తెర గోడకి తగిలించేటప్పుడు అటు చూడలేదు.

శుక్రవారం తెల్లారుజామున బయల్దేరారు. మీరా సాహెబ్ ముందు సీట్లో కూర్చుని దారంతా ఇంజను చప్పుడే విన్నాడు. కృపాదానం వేసే జోకులకి ఊకొట్టను కూడా లేదు. ఏడున్నరకి పేట చేరారు. భార్య మిషను మీద ఉన్న టైములో పోయి కొత్త బెల్టు కొనుక్కొచ్చాడు. తిరుగు ప్రయాణంలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చప్పుడు వినడం మొదలుపెట్టాడు. పిడుగురాళ్ళదాకా విన్నాడు. దాచేపల్లిదాకా విన్నాడు. గురజాల వచ్చేసరికి కునుకు పట్టింది. మాచర్లలో దిగేటప్పటికి ఆయన మనసులో భయం అనేది లేదు. బెల్టు నిలబడింది, మాబున్నీసా తేలిగ్గా ఊపిరి పీలుస్తంది, ఇంకేం కావాలి?

"బండి షెడ్డులో పెట్టు కృపా, మార్చేద్దాం."

"అన్నా, రేపు పెళ్ళోళ్ళని పిడుగురాళ్ళలో దించొస్తానని మాటిచ్చా. ఇప్పుడు విప్పితే ఎప్పటికి తేలిద్ది? నువ్వు కూడా కోడి కూయకముందు లేచినోడివి. ఆదివారం చర్చి అవగానే తెచ్చి పెడతా, తీరిగ్గా చేద్దాం. అంతదూరం పోయొచ్చింది, ఇంకొక్క రోజు ఆగదా?"

తాళాలు లాక్కోవాల్సింది. అడ్డం పడుకోవాల్సింది. గురువారం నాడు "ఒక్క రోజుకి" అన్న నోరే కదా అది. ఆ నోటితోనే "సరే, ఆదివారం మర్చిపోబాక" అన్నాడు. డబ్బా తీసుకుపోయి షెడ్డులో అరమీద పెట్టాడు, సరిగ్గా కత్తెర కింద.

శనివారం కృపాదానం పెళ్ళోళ్ళని దించి ఒక్కడే తిరిగొస్తన్నాడు. మధ్యాహ్నం మూడింటికి గురజాల దగ్గర మలుపులో కారు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకే సున్నపురాయి లోడు లారీ. బ్రేకు తొక్కినా ఆగే బరువా అది! ఆస్పత్రికి తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది.

మీరా సాహెబ్ పోయేసరికి కారుని క్రేనుతో గురజాల పోలీస్ స్టేషను ఆవరణలో పడేశారు. డ్రైవరు సీటుదాకా వెనక సగం లేదు. దిండు ఎక్కడుందో చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఇంజనున్న ముందు భాగానికి ఏమీ కాలేదు. బానెట్ ఎత్తి, కళ్ళజోడు పెట్టుకుని, మూత విప్పాడు. బెల్టు తెగి ఉంది, సరిగ్గా ఆ పన్ను దగ్గర. పక్కనే సుద్ద బాణం కొంచెం చెరిగి కనిపిస్తంది.  ఎవరూ చూడకుండా బెల్టు లాగి జేబులో కుక్కుకున్నాడు.

"ఏంది సాయిబూ, బండిలో లోపమేమన్నా ఉందా?" అన్నాడు ఎస్సై.

"గుద్దింది లారీ గదా సార్."

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. ఎవడు చూడొచ్చాడు అన్న ఉస్తాదు గొంతే తన గొంతులో వినిపించినట్టయింది. తన మీద తనకే అసహ్యమేసింది. అసహ్యం వేసినా నోరు మాత్రం విప్పలేదు. ఆదివారం సమాధుల తోటలో మట్టి వేసినప్పుడూ విప్పలేదు. సోమవారం మాబున్నీసా "అంత జాగర్త మనిషికి ఇట్టా ఎందుకయిందయ్యా" అని ఏడుస్తన్నప్పుడూ విప్పలేదు.

మంగళవారం తెల్లారుజామున ఇంటిముందు హారను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అదే టైము, కృపాదానం కొట్టినట్టే రెండుసార్లు.

తలుపు తీస్తే కృపాదానం భార్య ప్రిస్కిల్లా. వెనక తన కారులో ఆమె తమ్ముడు. ఆమె చంకలో ఒక దిండు ఉంది.

"వదిన తయారయిందా అన్నా? నాకు గురజాలలో కాగితాలేవో తీసుకునేది ఉంది, దారేగదా. నాలుగేళ్ళలో ఆయన ఒక్క మంగళవారం మానలేదు. ఇయ్యాల మానితే నాకు మనసొప్పదు." కారు వైపు తిరిగిందల్లా మళ్ళీ ఆగింది. "అన్నా, బండి పాతది, అందుకే ఆగిపోయిందని లారీవాళ్ళు వాదిస్తన్నారంట. అది కత్తెర సాయిబు చూసిన బండి, దానికి వంక పెడతారా అని నిలదీశా నేను."

మీరా సాహెబ్ జేబులో చెయ్యి పెట్టాడు. మూడు రోజులుగా ఆ బెల్టు అక్కడే ఉంది. బయటికి తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది నేను కత్తిరించలేదు."

ప్రిస్కిల్లా ఆ కొసల వంక చూసింది. నార నారగా పీలికలై ఉన్నయ్, కత్తెర కోత గాదు. మాచర్లలో ఆ కత్తెర సంగతి తెలియనిదెవరికి? ఆయన గురువారం సంగతి చెప్పాడు, గీత సంగతి, కళ్ళజోడు సంగతి, అరమీదున్న కొత్త డబ్బా సంగతి, ఎస్సైకి చెప్పిన అబద్ధం సంగతి. ఏదీ దాచలేదు. ఆమె ముఖం చూడలేక నేలకేసి చూస్తా చెప్పాడు.

గడపలో నిలబడ్డ మాబున్నీసా అంతా విని, అక్కడే కూలబడింది. "నా కోసమా? నా కోసమేనా? నేను రాను. నాకొద్దు ఆ మిషను."

 ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టి లేపింది.

"లే వదినా. ఎనిమిదికల్లా బెడ్డు మీదుండాలి నువ్వు." దిండు వెనక సీట్లో పెట్టి ఆమెని ఎక్కించింది. అప్పుడు మీరా సాహెబ్ వైపు తిరిగింది. ఇంతసేపూ అన్నా అన్న మనిషి ఈసారి ఆ పిలుపు పిలవలేదు. "నువ్వు కూడా ఎక్కు. గురజాల స్టేషను దగ్గర దిగి, ఇప్పుడు నాకు చెప్పింది ఆ ఎస్సైకి చెప్పు. వదినకి తోడు నేను పోతా."

 గురజాల దగ్గర ఆ మలుపు దాటేటప్పుడు ప్రిస్కిల్లా కళ్ళు మూసుకుంది. స్టేషను ముందు కారు ఆగింది. మీరా సాహెబ్ బెల్టు పట్టుకుని దిగాడు.