ఒక గదిలో మూడు పాఠాలు

మూడో తరగతి టీచరుకి పొద్దున్నే కోపం రావడం అలవాటైపోయింది. ఆ కోపం పిల్లల మీద కాదు, గది మీద. తూర్పు కిటికీలోంచి వచ్చిన ఎండ ముందు బల్లలను తడిపి అక్కడే ఆగిపోతుంది. వెనక బల్లల దాకా రానే రాదు. పాఠం కూడా అంతే అనిపించేది ఆమెకి.

పదహారేళ్ళ ఉద్యోగం. మొదట్లో ఆమె కూడా అందరిలాగే బోర్డు మీద ఒక్క లెక్క రాసి, ముప్పై ఎనిమిది మంది చేతా చేయించేది. పది మంది రెండు నిమిషాల్లో ముగించి జడలు లాక్కునేవాళ్ళు. పది మంది పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునేవాళ్ళు. ఆ పెన్సిళ్ళ మీది పంటిగాట్లు చూసీ చూసీ, ఒకరోజు పాఠాన్ని మూడుగా కోసింది. భాగహారమైతే కొందరికి బొత్తాలు, గిన్నెలు. గిన్నెకొకటి చొప్పున పంచుకుంటూ పోవడమే లెక్క. కొందరికి అంకెలు. కొందరికి కథ చెప్పి అందులోంచి లెక్కను వెతుక్కోమనడం. మూడు రకాలకీ మూడు రంగుల కాగితాలు ఇచ్చింది. వారం తిరక్కముందే "పోరా, పసుపు కాగితం" అనేది తిట్టయి కూర్చుంది. రంగులన్నీ చించి పారేసి, అప్పటినుంచి అన్నీ తెల్లవాటి మీదే రాస్తోంది.

బొత్తాలు భర్తవి. ఆయన దర్జీ.

"ఆ నీలం చొక్కాకి ఏడు కావాలి, డబ్బాలో నాలుగే ఉన్నాయి," అన్నాడాయన ఒక సాయంత్రం. "మిగతావి ఏ పిల్ల గిన్నెలో ఉన్నాయో కాస్త కనుక్కుంటావా?"

"రేపు తెస్తాలే."

"వద్దులే, చొక్కా వాడినే మీ క్లాసుకి పంపిస్తా. లెక్క వచ్చేదాకా ఏరుకుంటూ కూర్చుంటాడు."

నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. కాగితాలు రాసీ రాసీ మణికట్టు లాగేస్తోంది.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరూ పిచ్చుక అంటారు. గొంతు పెగిలినా వినపడనంత చిన్నగా మాట్లాడుతుంది. జూన్‌లో పన్నెండు బొత్తాలిస్తే లెక్కపెట్టలేక గుప్పిట్లో దాచుకుంది. నవంబరుకి ఇరవై నాలుగింటిని నలుగురికి పంచి, కాగితం మీద ఆరు అని రాసింది. ఆ ఆరు కోసం ఎన్నిసార్లు చెరిపిందో, నోట్‌బుక్కు అక్కడ చిరిగి అవతలి పేజీ కనిపిస్తుంది. టీచరుకి ఆ చిరుగంటే ప్రాణం.

పెద్ద మేడమ్‌కి ఈ పద్ధతి నచ్చలేదు. ఒక సోమవారం గుమ్మంలో నిలబడి, పిల్లలందరూ వింటుండగానే అంది. "అన్ని పుస్తకాల్లో ఒకే తేదీకి ఒకే లెక్క ఉండాలండీ. శుక్రవారం చూస్తాను. లేకపోతే ఈ గిన్నెల వ్యవహారం కట్టిపెట్టండి."

టీచరు భయపడలేదు. చూడనీ, అనుకుంది. పిచ్చుక పుస్తకం జూన్ నుంచీ తిప్పి చూపిస్తే చాలు, ఇక మాటలతో పనేముంది.

శుక్రవారం పెద్ద మేడమ్ వచ్చి పుస్తకాలు తిరగేసింది. ముఖం విప్పారింది. "బావున్నాయే. అందరివీ ఒకేలా ఉన్నాయి."

టీచరు గబగబా పిచ్చుక పుస్తకం లాక్కుంది. చిరిగిన పేజీ లేదు. దాని స్థానంలో తొంభై ఆరుని ఎనిమిదితో భాగించి పన్నెండు అని, గుండ్రటి అక్షరాల్లో ఎవరో రాశారు. ఆ చేతిరాత ఆమెకి తెలుసు. మొదటి బల్లలో కూర్చునే, ప్రతిదానికీ వాదించే పిల్లది. ప్లీడరు అంటారు ఆ పిల్లని.

"ఎవరు చేశారిది?"

"మేమే టీచర్," అంది ప్లీడరు గర్వంగా. "ముందు అయిపోయినవాళ్ళు పక్కవాళ్ళకి సాయం చేయాలని మీరే చెప్పారుగా. మీకు మాటొస్తుందని, నిన్న మధ్యాహ్నం కూర్చుని, పాత పేజీలు చించేసి అందరివీ బాగు చేసేశాం."

చేసిందంతా ప్రేమతోనే. ఎవర్ని తిట్టాలో తెలియక టీచరు పుస్తకం మూసింది. అయిదు నెలల తప్పులు, అయిదు నెలల దారి, ఒక్క మధ్యాహ్నంలో శుభ్రంగా తుడిచేశారు.

"అందరూ ఒకటే చేయగలరని మీ పిల్లలే చూపించారు," అంది పెద్ద మేడమ్, ప్లీడరు మాటలు పట్టించుకోకుండా. "ఇక మూడు రకాలు దేనికి?"

"అవి వాళ్ళు రాసినవి కావు మేడమ్. ఒక్క లెక్క చేయిస్తాను, చూడండి. పిచ్చుకా, ముప్పై ఆరుని నలుగురికి పంచమ్మా."

పిచ్చుక బోర్డు దగ్గరికి వెళ్ళింది. నాలుగు సున్నాలు గీసింది. ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క పెట్టడం మొదలుపెట్టింది, పెదవులతో లెక్కపెట్టుకుంటూ. గదిలో సుద్దముక్క చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇరవయ్యో చుక్క దగ్గర పెద్ద మేడమ్ వాచీ చూసుకుంది. ఇరవై మూడో చుక్క దగ్గర వెళ్ళిపోయింది.

పిచ్చుక ఆగలేదు. ముప్పై ఆరో చుక్క పెట్టి, ఒక సున్నాలోవి లెక్కపెట్టి, తొమ్మిది అని రాసి వెనక్కి తిరిగింది. గుమ్మం ఖాళీగా ఉంది. "తప్పా టీచర్?"

"కాదమ్మా. ఒప్పే."

టీచరు ఆఫీసు గదికి వెళ్ళింది.

"తొమ్మిది వచ్చింది మేడమ్."

"ఎంతసేపట్లో?"

"ఎంతసేపైతే ఏమండీ. జూన్‌లో ఆ పిల్లకి పన్నెండు లెక్కపెట్టడం రాదు. మీరింకో రెండు నిమిషాలు నిలబడి ఉంటే చూసేవారు."

పెద్ద మేడమ్ కలం మూత పెట్టింది. "నాకు పదకొండు తరగతులున్నాయండీ. ఒక్కో పిల్ల దగ్గర రెండేసి నిమిషాలు నిలబడితే నేనింటికి పోవక్కర్లేదు." మళ్ళీ మూత తీసింది. "గురువారాలు మీ ఇష్టం. మిగతా రోజులు ఒకటే పాఠం."

సంతోషించాలో ఏడవాలో తెలియక టీచరు తరగతికి నడిచింది. గోడమీది క్యాలెండరులో పరీక్షల దాకా గురువారాలు లెక్కపెట్టింది. సెలవులు పోను పదమూడు. ఇంటికెళ్ళేముందు సోమవారం పాఠం బోర్డు మీద రాయాలి. ముప్పై ఎనిమిది మందికీ ఒక్కటే లెక్క. అది రాసి, ఎవరికి సరిపోతుందా అని చూస్తూ చాలాసేపు నిలబడింది.